రేవులో పది డాలర్లు, గుంతకల్లులో నలభై రూపాయల బేరం: సామాను మోసేవారికి ఎవరికి, ఎప్పుడు, ఎంత?

అమెరికాలో కొడుకు దగ్గర ఐదు నెలలు ఉండి వస్తున్న మా పెదనాన్న, పెద్దమ్మలను తీసుకురావడానికి రెండేళ్ళ కిందట నేను గుంతకల్లు స్టేషన్‌కు వెళ్ళాను. హైదరాబాదు వైపు నుంచి వచ్చే రైలు తెల్లవారకముందే దింపింది. బళ్ళారి బండి ఇంకో ప్లాట్‌ఫారం మీద. విమానం వాళ్ళు మనిషికి రెండు చొప్పున ఒప్పుకునే 23 కిలోల పెట్టెలు నాలుగు, అవి కాక చేతి సంచులు. ఎర్ర చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు వచ్చి, "వంతెన దాటించి బండిలో పెట్టిస్తా, రెండు వందలు ఇవ్వండి" అన్నారు. నేను నూట ఇరవై అన్నాను. అటూ ఇటూ లాగి నూట అరవైకి తెంచాను. ఆయన ఇంకేమీ అనలేదు. తలమీద తుండుగుడ్డ చుట్టుకుని రెండు పెట్టెలు ఎత్తుకున్నారు. మిగతా వాటి కోసం మళ్ళీ వచ్చారు.

బండిలో కూర్చున్నాక పెదనాన్న మెల్లగా అన్నారు: "నలభై మిగిల్చినావు, బాగుంది. గాల్వెస్టన్ రేవులో ఒకాయన ఈ పెట్టెలే కారు డిక్కీలోంచి తీసి తోపుడు బండి మీద పెట్టినాడు. అంతే, పది అడుగులు కూడా నడవలేదు. మీ అన్న పది డాలర్లు చేతిలో పెట్టినాడు. ఎనిమిది వందల పైన. ఆయన అడగనూ లేదు, మేము బేరం ఆడనూ లేదు."

పెద్దమ్మ కిటికీ వైపు చూస్తూ, "అక్కడ ఆడలేకపోయిన బేరం ఇక్కడ ఆడుతున్నాం మనం" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ తర్వాత నుంచి ఈ విషయం కాస్త శ్రద్ధగా తెలుసుకున్నాను. మన ఊళ్ళో ఇప్పుడు ఓడ ప్రయాణం వింతేమీ కాదు. పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులను డాలస్, హ్యూస్టన్‌లలో ఉండేవాళ్ళు గాల్వెస్టన్ నుంచి నాలుగైదు రోజుల క్రూయిజ్‌కు తీసుకెళ్తున్నారు. ఇక్కడివారు చెన్నై, విశాఖ, గోవా, ముంబయి రేవుల నుంచి వెళ్తున్నారు. మన బళ్ళారి మీదుగా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ పడమటికి ఎక్కితే వాస్కో, అంటే మార్మగోవా రేవు పక్కకే తీసుకెళ్తుంది. తూర్పుకు ఎక్కితే విశాఖ దాటిస్తుంది. బయలుదేరే ముందు ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న ఒకటే: సామాను పట్టుకునేవాళ్ళకు ఎంత ఇవ్వాలి? ఇవ్వకపోతే ఏమనుకుంటారు? బిల్లులో తీసుకున్నారు కదా, మళ్ళీ ఎందుకు?

జవాబు ఒక్క అంకెలో లేదు. మన సామాను ఎత్తుతున్న మనిషికి జీతం ఎవరిస్తున్నారు అని ముందు అడిగితే, ఎంత ఇవ్వాలో చాలావరకు దానంతటదే తేలుతుంది.

కూలి, టిప్పు, గ్రాట్యుటీ

ఈ మూడు మాటలు కలగాపులగం కావడం వల్లే సగం తికమక.

కూలి అంటే చేసిన పనికి ధర. మార్కెట్ యార్డుకు సరుకు తీసుకెళ్ళిన రైతు ఇళ్ళల్లో ఇది చెప్పనక్కర్లేదు. పట్టీలో హమాలీ అని ఒక వరుస ఉంటుంది. దాన్ని ఎవరూ టిప్పు అనరు, దయ అనరు. మూట దిగింది, ధర రాశారు, అంతే.

టిప్పు అంటే జీతం వేరేచోట నుంచి వస్తున్న మనిషికి, ఆ పని మన కోసం చేసినందుకు మనం ఇష్టంతో ఇచ్చేది. కొన్ని దేశాల్లో అది ఇష్టం దాటి ఆనవాయితీ అయింది.

ఇక గ్రాట్యుటీ. ఉద్యోగం చేసి రిటైరైన మన పెద్దలకు ఈ మాట వినగానే 1972 నాటి చట్టం, సర్వీసు ఏళ్ళ లెక్క, చివరి రోజున చేతికొచ్చిన చెక్కు గుర్తొస్తాయి. ఓడ బిల్లులో ఆ మాటకు అర్థం వేరు. ఓడలో గది సర్దేవారికి, భోజనం వడ్డించేవారికి, కనబడకుండా వెనక పనిచేసేవారికి పంచడానికి మనిషికి రోజుకు ఇంత అని కంపెనీ మన ఖాతాలో వేసే మొత్తం అది. మా పెదనాన్న బిల్లు చూసి, "రిటైరైంది నేను, గ్రాట్యుటీ కట్టేదీ నేనేనా?" అని అడిగారట.

ఈ మొత్తం ఓడ సిబ్బందికి పోతుంది. రేవులో మన పెట్టెలు అందుకునే మనిషి ఓడ సిబ్బంది కాదు. ఆయనకు ఇందులో పైసా రాదు. తికమక అంతా పుట్టేది ఇక్కడే.

ఓడ ఎక్కే రోజు

అమెరికా రేవుల్లో పద్ధతి దాదాపు ఒకటే. ప్రయాణానికి కొద్ది రోజుల ముందు కంపెనీ వెబ్‌సైట్ నుంచి సామాను చీటీలు ప్రింట్ తీసుకోవాలి. వాటి మీద మన పేరు, ఓడ పేరు, గది నంబరు ఉంటాయి. పెట్టె పిడికి చుట్టి గట్టిగా పిన్ను కొట్టాలి. టెర్మినల్ ముందు కారు ఆపగానే చొక్కా మీద మెరుపు పట్టీల కోటు వేసుకున్న పోర్టర్లు వస్తారు. పెట్టెలు వాళ్ళకు అప్పజెప్పి మనం చేతి సంచితో లోపలికి వెళ్తాం. పెట్టెలు తనిఖీ దాటి, ఓడ ఎక్కి, సాయంత్రానికి మన గది గుమ్మం ముందుకు వస్తాయి.

ఈ పోర్టర్లు రేవు తరఫున పనిచేసేవారు. తూర్పు తీరంలోనూ, గల్ఫ్ తీరంలోనూ చాలా రేవుల్లో వీరు ఐఎల్ఏ అనే రేవు కార్మిక సంఘం సభ్యులు. గంటల లెక్కన జీతం ఉంటుంది. అయినా పెట్టెకు ఒకటి రెండు డాలర్లు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఇప్పుడు చాలామంది పెట్టెకు రెండు డాలర్ల లెక్కన ఇస్తున్నారు. పెట్టె మరీ బరువైతే, చక్రాల కుర్చీలో ఉన్న పెద్దవారికి సాయం చేస్తే ఇంకొంచెం. నాలుగు పెట్టెలకు ఎనిమిది నుంచి పది డాలర్లు. మా అన్న ఇచ్చింది గొప్ప కోసం కాదు, అక్కడి లెక్కే అది.

ఇది చేతికి నోటుగా ఇవ్వాల్సిందే. కాబట్టి ముందే ఒక డాలరు, ఐదు డాలర్ల నోట్లు కొన్ని విడిగా జేబులో పెట్టుకోండి. ఇరవై డాలర్ల నోటు తీసి చిల్లర అడగడం ఇద్దరికీ ఇబ్బంది. ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి చూపించనక్కర్లేదు. నోటు మడిచి చేతిలో పెట్టి, "థాంక్యూ సర్" అంటే చాలు.

ఇక్కడ మనవారిలో తిరిగే ఒక భయం గురించి చెప్పాలి. టిప్పు తక్కువైతే పెట్టె ఓడ ఎక్కించరని కొందరు అంటారు. పెట్టెను గదికి చేర్చేది చీటీ. టిప్పు పెట్టె విడిపించుకునే సొమ్ము కాదు. ఎవరైనా గట్టిగా అడిగితే మర్యాదగా కాదనవచ్చు, లేదా పెట్టె మనమే లాక్కుంటూ లోపలికి వెళ్ళవచ్చు.

పెట్టె సాయంత్రానికి రాలేదంటే చాలాసార్లు కారణం పెట్టెలోనే ఉంటుంది. రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచుకునే కెటిల్ లాంటి వేడెక్కే సామాన్లను ఓడల్లోకి రానివ్వరు. నిప్పు భయం. ఎక్స్‌రేలో అవి కనబడితే పెట్టె ఆపి మనల్ని పిలుస్తారు. ఇంట్లో చేసిన తిండి పదార్థాలను కూడా చాలా కంపెనీలు ఒప్పుకోవు. గోంగూర పచ్చడి సీసా కోసం మా పెద్దమ్మ ఓడ కింది అంతస్తుకు వెళ్ళి నిలబడాల్సి వచ్చింది. పాపం ఆ పోర్టర్‌ను అప్పటిదాకా అనుమానించింది కూడా.

పోర్టర్‌కు ఇచ్చే పెట్టెల్లో పెట్టకూడనివి: పాస్‌పోర్టు, వీసా కాగితాలు, బీపీ, షుగర్ మాత్రలు, ఇన్సులిన్, బంగారం, డబ్బు, కళ్ళజోడు, ఫోను ఛార్జర్. ఒక జత బట్టలు కూడా చేతి సంచిలోనే ఉంచుకోండి. పెట్టె వచ్చేసరికి రాత్రి కావచ్చు.

ఓడలో ఉన్నన్ని రోజులు

గది గుమ్మం దాకా పెట్టె తెచ్చేది ఓడ సిబ్బంది. వారికి విడిగా ఇవ్వాల్సిన పని లేదు. రోజువారీ గ్రాట్యుటీ ఉన్నదే ఇలాంటి పనులకు. అమెరికా నుంచి బయలుదేరే పెద్ద కంపెనీల ఓడల్లో మామూలు గదులకు ఇది మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటోంది. పిల్లలకు కూడా లెక్కే. మరీ పసివాళ్ళకు కొన్ని కంపెనీలు వదిలేస్తాయి.

లెక్క వేసి చూద్దాం. నలుగురి కుటుంబం, ఐదు రాత్రులు, మనిషికి 18 డాలర్లు అనుకుంటే 360 డాలర్లు. రేవులో పోర్టర్లకు నాలుగు పెట్టెలకు ఎక్కేటప్పుడు ఎనిమిది, దిగేటప్పుడు ఎనిమిది, మొత్తం 16 డాలర్లు. మనం తలపట్టుకుని ఆలోచించేది ఆ పదహారు గురించి. మూడు వందల అరవై సంగతి చాలామంది చివరి రోజు బిల్లు వచ్చేదాకా చూడనే చూడరు. టికెట్ కొనేటప్పుడే ఇది ధరలో కలిపారా, ఓడలో విడిగా కట్టాలా అని అడగండి. ముందే కట్టేస్తే చివరి రోజు గుండె గుభేలుమనదు.

కొన్ని కంపెనీల్లో కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఈ మొత్తాన్ని తగ్గించమని అడిగే వీలుంది. సేవలో నిజంగా లోపం జరిగితే అడగండి. డబ్బు మిగల్చడానికి మాత్రం ఆ పని చేయకండి. గోవా, కేరళ, ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల నుంచి వచ్చి నెలల తరబడి ఇంటికి దూరంగా పనిచేసేవారి రాబడిలో అది భాగం. ఇచ్చేటట్టు కనబడి వెనక తీసేసుకోవడం కన్నా తక్కువ ఖర్చు ప్రయాణం ఎంచుకోవడం నయం.

గది సర్దే మనిషి మీ అమ్మానాన్నలను ప్రత్యేకంగా చూసుకుంటే చివరి రోజు కవరులో కొంత పెట్టి ఇవ్వవచ్చు. అది పూర్తిగా మీ ఇష్టం. పేరు రాసి, రెండు మంచి మాటలు కంపెనీ అభిప్రాయ పత్రంలో కూడా రాస్తే వారికి ఇంకా మేలు.

దిగే రోజు

చివరి రాత్రి రంగుల చీటీలో, నంబరు చీటీలో ఇస్తారు. వాటిని పెట్టెలకు కట్టి, చెప్పిన సమయానికి గది బయట పెట్టాలి. తెల్లారి వేసుకోవాల్సిన బట్టలు కూడా పెట్టెలో పెట్టి పంపేసి, రాత్రి బట్టల్లోనే రేవు దిగినవాళ్ళు మనవాళ్ళలో ఉన్నారు. నవ్వుకున్నా గుర్తుంచుకోవాల్సిన విషయమే.

పొద్దున టెర్మినల్ హాలులో నంబర్ల వారీగా పెట్టెలు వరుసలో ఉంటాయి. అక్కడా పోర్టర్లు తోపుడు బండ్లతో ఉంటారు. పెట్టెలన్నీ ఎక్కించుకుని, మనతోపాటు ఇమిగ్రేషన్, కస్టమ్స్ దాటించి కారు దాకా తెస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి ఇది పెద్ద వరం. ఇక్కడా పెట్టెకు రెండు డాలర్ల లెక్కే. దూరం ఎక్కువైతే కొంచెం పెంచండి. చక్రాల పెట్టె మనమే లాక్కుని వెళ్తే ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు, తప్పేమీ లేదు.

మన రేవుల్లో, వేరే దేశాల్లో

కార్డేలియా కంపెనీ ఓడ 2021 నుంచి ముంబయి కేంద్రంగా, 2022 జూన్‌లో చెన్నై నుంచి కూడా తిరగడంతో మనవారికి ఓడ ప్రయాణం దగ్గరైంది. విశాఖలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. మన ఓడల్లోనూ పద్ధతి అదే: చీటీ కట్టి పెట్టె అప్పజెప్పడం, గది దగ్గర తీసుకోవడం. టికెట్ రసీదులో గ్రాట్యుటీ లేదా సర్వీస్ ఛార్జ్ అనే వరుస ఉందేమో చూసుకోండి. ఉంటే ఓడలోని పని వరకు అది సరిపోతుంది.

టెర్మినల్ బయట మాత్రం మన దేశంలో ఒక జాగ్రత్త అవసరం. పెట్టె మీద చెయ్యి వేసిన మనిషి ఎవరి తరఫున పనిచేస్తున్నారో ముందు కనుక్కోండి. టెర్మినల్ సిబ్బంది అయితే పెట్టెకు యాభై రూపాయలు ఇవ్వడం నా దృష్టిలో మర్యాదగా ఉంటుంది. బయటి కూలీ అయితే అది టిప్పు కాదు, కూలి. ముందే ధర మాట్లాడుకోండి. పెట్టె దింపాక మాట్లాడుకుంటేనే గొడవ.

దేశానికో పద్ధతి. జపాన్‌లో టిప్పు ఇవ్వబోతే ఎదుటివారు ఇబ్బంది పడతారు. వంగి నమస్కరిస్తే చాలు. సింగపూరులో ఇది ఆనవాయితీ కాదు, ఇవ్వకపోతే ఎవరూ ఏమనుకోరు. అమెరికాలో మాత్రం ఇవ్వకపోతే లోటుగా కనిపిస్తుంది.

అమెరికాలో అలా ఎందుకైందో కొంత తెలుసుకుంటే మనం ఇచ్చే నోటు బరువు తెలుస్తుంది. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, 1867లో మొదలైన పుల్‌మన్ కంపెనీ తన పడక రైలు పెట్టెల్లో పోర్టర్లుగా నల్లజాతి వారిని పెట్టుకుంది. జీతం చాలా తక్కువ. మిగతాది ప్రయాణికుల టిప్పుల మీద బతకాలి. ప్రయాణికులు వారి సొంత పేర్లు అడగకుండా, కంపెనీ యజమాని పేరుతో అందరినీ "జార్జ్" అని పిలిచేవారు. 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో ఆ పోర్టర్లు సంఘం పెట్టుకున్నారు. పన్నెండేళ్ళు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. వారు అడిగింది ఎక్కువ టిప్పులు కాదు. టిప్పుల మీద ఆధారపడని జీతం.

గుంతకల్లులో ఎర్ర చొక్కాకు జీతం లేదు

ఇప్పుడు మన ఊరి స్టేషన్‌కు వద్దాం. ఎర్ర చొక్కా, చేతికి నంబరున్న ఇత్తడి బిళ్ళ. చూడగానే రైల్వే ఉద్యోగి అనుకుంటాం. కాదు. రైల్వే ఆయనకు ఇచ్చేది లైసెన్సు. జీతం ఇవ్వదు. పాసు లాంటి కొన్ని సౌకర్యాలు ఉన్నాయి. ముసలితనం వస్తే లైసెన్సును కొడుకు పేరు మీదకో దగ్గరి బంధువు పేరు మీదకో మార్చుకునే వీలుంది. ఇంటికి తీసుకెళ్ళే డబ్బు మాత్రం మనలాంటి ప్రయాణికులు ఇచ్చిందే. ఆ రోజు బండి దిగినవాళ్ళంతా పెట్టెలు తామే లాక్కుంటూ పోతే ఆ రోజు సంపాదన సున్న.

2008 రైల్వే బడ్జెట్ తర్వాత చాలామంది కూలీలను గ్యాంగ్‌మన్ ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. వయసు దాటినవారు, వీలుకానివారు మిగిలిపోయారు. 2016 బడ్జెట్‌లో "కూలీ" పేరు మార్చి "సహాయక్" అన్నారు. పేరు మారింది, జీతం రాలేదు. ఇంతలో పెట్టెకు చక్రాలు వచ్చాయి. అమెరికాలో 1972లో ఒకాయన చక్రాల సూట్‌కేసుకు పేటెంటు పొందారు. 1987లో ఒక పైలట్ నిలబెట్టి లాక్కునే పెట్టె తయారుచేశారు. అది మన స్టేషన్ల దాకా చేరేసరికి ఎర్ర చొక్కాలకు సగం పని పోయింది. లిఫ్టులు, ఎస్కలేటర్లు మిగిలిన దానిలో మరికొంత తగ్గించాయి. అవి మనకు మంచివే. కానీ ఆ పెద్దాయన అడిగే రెండు వందలలో ఆ రోజు దొరకని నాలుగు బేరాల లోటు కూడా ఉంటుంది.

రైల్వే కూలీకి ధరల పట్టిక ఉంటుంది. స్టేషన్‌లో బోర్డు మీద రాసి పెడతారు. స్టేషన్‌ను బట్టి ధర మారుతుంది. తలమీద మోసే ఒక మోత అంటే 40 కిలోల దాకా. అంతకు మించితే ఇంకో మోత. తోపుడు బండికి వేరు, చక్రాల కుర్చీకి వేరు. ఆ రోజు మా నాలుగు పెట్టెలు 92 కిలోలు. రెండు మోతలకు 80 కిలోలే, కాబట్టి లెక్కకు మూడు మోతలు. ఇంకోసారి గుంతకల్లు వెళ్ళినప్పుడు బోర్డు ముందు నిలబడి లెక్క చూశాను. ఆయన అడిగింది ఎక్కువేమీ కాదు. నేను నలభై రూపాయలు తగ్గించింది దురాశను కాదు, కూలిని.

కాబట్టి స్టేషన్‌లో పద్ధతి ఇది. బిళ్ళ ఉన్న మనిషినే పిలవండి, నంబరు చూసుకోండి. బోర్డు ధర చూడండి. దాని కన్నా మరీ ఎక్కువ అడిగితే బోర్డు చూపించి మాట్లాడండి, అది మీ హక్కు. బోర్డు ధరకే ఒప్పుకుంటే ఇక తగ్గించకండి. వంతెన ఎత్తుగా ఉంటే, బండి ఆలస్యమై ఆయన మనతో కాచుకుని ఉంటే, పైన ఇరవయ్యో ముప్పయ్యో ఇవ్వండి. టిప్పు ఆ పైన ఇచ్చేదే. కిందిదంతా ఆయన కూలి.

పిలుపు కూడా ముఖ్యమే. రేవులో కోటు వేసుకున్న మనిషిని "సర్" అంటాం. ఇక్కడ అరవై ఏళ్ళ మనిషిని "ఏయ్ కూలీ" అని కేకేస్తాం. బళ్ళారి స్టేషన్‌లో పనిచేసేవారితో తెలుగులో మాట్లాడినా, కన్నడలో మాట్లాడినా, దక్కనీ ఉర్దూలో మాట్లాడినా జవాబు వస్తుంది. ఏ భాషలో అయినా "అన్నా" అనడానికి ఖర్చు లేదు.

ఒకప్పుడు ఆ మోత మనదే

కూలీ అనే మాట మీద పండితులు వాదించుకుంటారు. మనకు మాత్రం కూలి అంటే పనికి దక్కే ప్రతిఫలం. ఆ మంచి మాట ఓడ ఎక్కి వెళ్ళి తిట్టుగా మారింది. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తీసుకెళ్ళిన మొదటి ఓడ అది. తమిళులతో పాటు తెలుగువారూ ఆ దారినే వెళ్ళారు. ఆ దేశంలో "కూలీ" అనేది మనవారందరినీ చులకన చేసే పిలుపైంది.

తూర్పున ఇంకో కథ. కాకినాడ, విశాఖ తీరం నుంచి వేలమంది తెలుగువారు ఓడల్లో రంగూన్ వెళ్ళారు. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరుతో బర్మావారు వారిని కోరంగీలు అనేవారు. రంగూన్ రేవులో ఓడల సరుకు ఎక్కించి దింపే పని ఎక్కువగా వారి చేతుల్లో ఉండేది. 1930 మే నెలలో కూలి పెంచమని వారు సమ్మె చేశారు. యజమానులు వారి బదులు బర్మా కార్మికులను తెచ్చారు. సమ్మె తేలి మనవారు తిరిగి పనికి రాగానే ఆ బర్మావారిని పంపించేశారు. మే 26న ఇరుపక్షాల మధ్య మొదలైన కొట్లాట అల్లర్లుగా మారి ఎందరో తెలుగు కూలీల ప్రాణాలు తీసింది. మొదలైంది కూలి దగ్గర. ఇద్దరు పేదవాళ్ళ మధ్య పెట్టింది కూలి మిగల్చాలనుకున్నవారు.

ఇప్పుడు మన పిల్లల పుణ్యమా అని మనం ఓడ ఎక్కేవారిగా, పెట్టెలు అప్పజెప్పేవారిగా రేవుకు వెళ్తున్నాం. సంతోషమే. కానీ నూరేళ్ళు కాకముందు అదే రేవుల్లో మూట కింద ఉన్న భుజం మన భాష మాట్లాడేది.

చివరగా

బయలుదేరే ముందు ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. రేవు పోర్టర్‌కు పెట్టెకు రెండు డాలర్లు, చేతికి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. ఓడ సిబ్బందికి బిల్లులోని గ్రాట్యుటీ, ముందే కట్టేస్తే మేలు. మన రేవుల్లో ఎవరి తరఫు మనిషో అడిగి ఇవ్వండి. రైల్వే స్టేషన్‌లో బోర్డు ధర పూర్తిగా, ఆపైన మీ ఇష్టం. డబ్బు చూసి ఖర్చు పెట్టాల్సిన ఇల్లయితే రేవులో చక్రాల పెట్టె మీరే లాక్కోండి, అక్కడి మనిషికి జీతం ఉంది. మిగిలింది స్టేషన్‌లో జీతం లేని మనిషి కోసం ఉంచండి.

ఆ తర్వాత నేను గుంతకల్లు రెండు మూడు సార్లు వెళ్ళాను. ఆ పెద్దాయన కోసం చూశాను. కనబడలేదు. ముఖం చూసి గుర్తుపట్టగలనేమో గానీ, బిళ్ళ మీది నంబరు ఆ రోజు నేను చూడనే లేదు. పోయినసారి వేరే ఆయన రెండు పెట్టెలు మోశారు. అడిగినంత ఇచ్చి, పైన నలభై చేతిలో పెట్టాను. "ఇది ఎందుకు సార్?" అని అడిగారు. పాత బాకీ అని చెబితే ఆయనకు అర్థం కాదు. "టీ తాగండి అన్నా" అన్నాను.